పేరు రాయని ప్రార్థన మనవి

మా తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత గుడి లేదు. డెట్రాయిట్ శివార్లలో, ట్రాయ్‌కి దగ్గర్లో, ఉక్రెయిన్ నుంచి వచ్చినవాళ్ల పాత చర్చి ఒకటి ఉంది. దాని పైహాలును అద్దెకు తీసుకుని ఆదివారాలు కూడుకుంటాం. ఉదయం వాళ్ల ఆరాధన, మధ్యాహ్నం రెండు గంటలకు మాది. కింద వంటగదిలో వాళ్ల బీట్‌రూట్ సూపు వాసన తగ్గకముందే మా పులిహోర పోపు వాసన మొదలవుతుంది.

మేము చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్తాం. అది చలికాలం కాబట్టి మొదటి ఆదివారం హాలు గుమ్మం ముందు బూట్లు గుట్ట పడ్డాయి. ఆ చర్చి తాళాలు చూసుకునే పెద్దావిడ ఆ గుట్ట చూసి కంగారుగా లోపలికి తొంగి చూసింది. డెబ్బై దాటిన మనిషి. నడుముకు తాళాల గుత్తి, తలకు పూల రుమాలు.

"అందరూ బాగానే ఉన్నారా? ఏమైనా అయిందా?" అని అడిగింది.

"ఏం కాలేదండీ. ఇది పరిశుద్ధ స్థలం కదా, అందుకని విప్పాం" అన్నాను.

ఆవిడ ఇంగ్లీషు, నా ఇంగ్లీషు రెండూ అరువు తెచ్చుకున్నవే. అయినా మాకు మాటలు బాగానే కుదిరాయి. మరుసటి ఆదివారం ఆరాధన ముగించి బయటికి వచ్చేసరికి బూట్లన్నీ జతలు జతలుగా, మొనలు వీధివైపు తిప్పి, వరసగా పేర్చి ఉన్నాయి. వెళ్లేటప్పుడు కాళ్లు దూర్చుకుని పోవడమే. ఆ తర్వాత ఏ ఆదివారమూ ఆవిడ మానలేదు. మా పిల్లలు ఆవిడను కీ ఆంటీ అని పిలవసాగారు. నేనూ ఇక్కడ అలాగే అంటాను.

సంఘంలో నా పని పాటల స్లైడ్లు వేయడం. ప్రొజెక్టరు, మైకులు, వైర్లు నావే. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల్లో ఒక ఆదివారం వైర్లు చుట్టుకుంటూ ఉంటే కీ ఆంటీ వచ్చి పక్కన కూర్చుంది. వాళ్ల దేశపు అమ్మాయి ఒకామె డాక్యుమెంటరీ తీసిందట. పరాయి సైన్యం వచ్చి కూర్చున్న ఒక ఊళ్లో, చేతిలో ఆయుధం లేని మామూలు జనం ఎలా తలొంచకుండా బతుకుతున్నారో చూపించే సినిమా. ఇంకా పూర్తి కాలేదు. నమ్మకమైనవాళ్లకు మాత్రం చిన్న చిన్న గదుల్లో చూపిస్తోంది. వాళ్ల సంఘానికి చూపించింది. మాకూ చూపించాలని కీ ఆంటీ కోరిక.

"మాకెందుకు?" అని అడిగాను.

"మీరు ప్రార్థన చేసేవాళ్లు. ఎంత గట్టిగా చేస్తారంటే కింద నా గిన్నెలు కదులుతాయి" అంది.

మా పెద్దలను ఒప్పించడం అంత తేలిక కాలేదు. ఆ మాటలన్నీ పార్కింగ్ లాట్‌లో, కార్ల తలుపులు పట్టుకుని నిలబడి జరిగాయి.

"పొలిటికల్ అయితదేమో సిస్టర్" అన్నాడు ఒక పెద్దన్న. "మనలో సగం మందిమి హెచ్‌వన్ వీసా మీద ఉన్నం. రేపు స్టాంపింగ్‌కి పోతే ఇదంతా అడుగుతరు."

"అదొక్కటే కాదు, పై అధికారులకు లోబడమని వాక్యమే చెప్తోంది కదా" అన్నారు ఇంకొకరు.

"ఐగుప్తు రాజు మగపిల్లల్ని చంపమంటే వినని మంత్రసానులకి ఆ మాట ఎవరూ చెప్పలేదేమో అన్నా" అన్నాను.

మా పాస్టరుగారు వారమంతా కార్ల సీట్లు డిజైన్ చేసి ఆదివారం వాక్యం చెప్తారు. ఆయన నవ్వేశారు. "అక్క మంత్రసానుల దాకా వెళ్లిందంటే ఇంక వదలదు. వేద్దాం. చూసి ప్రార్థన చేద్దాం. నినాదాలు మాత్రం వద్దు."

ఆ తర్వాతి ఆదివారం భోజనాలయ్యాక కర్టెన్లు దించాం. సినిమా తీసిన అమ్మాయి ముందు నిలబడి వాళ్ల భాషలో నెమ్మదిగా నాలుగు మాటలు చెప్పింది. కీ ఆంటీ వాటిని ఇంగ్లీషులోకి మార్చింది. కొందరి అమ్మానాన్నలు, అత్తమామలు ఇండియా నుంచి చుట్టపుచూపుగా వచ్చి ఉన్నారు కాబట్టి నేను తెలుగులోకి మార్చాను. ఫోన్లు లోపల పెట్టండి, ఫొటోలు, వీడియోలు తీయకండి అని మొదటి మాట. అది చెప్పాను. చెప్పి, నా అంతట నేనే ఒకటి కలిపాను: "సినిమా ఇంకా రిలీజ్ కాలేదు. పైరసీ అవుతుంది."

"కెమెరా ప్రింట్ వద్దంట, విన్నారా!" అని వెనకనుంచి ఒక తమ్ముడు అరిచాడు. అందరూ నవ్వారు.

ఆ అమ్మాయి చెప్పిన చివరి మాట, ఈ గదిలో చూసింది ఈ గదిలోనే ఉండాలి అన్నది. దాన్ని నేను అనువదించలేదు. పైరసీ అన్నాక అదీ చెప్పినట్టే అనుకున్నాను.

ఆ సినిమాలో వెనకనుంచి ఎవరూ ఏదీ వివరించరు. సంగీతం లేదు. మాటలకు కింద ఇంగ్లీషు అక్షరాలు పడుతుంటే, పెద్దవాళ్ల కోసం నేను తెలుగులో చెప్తూ పోయాను. చాలా భాగం ఆ ఊరివాళ్లు ఫోన్లతో తీసిందే. మొదట్లో జనం కూరగాయల సంచులతో, పిల్లల బళ్లతో ఊరి నడిబొడ్డుకు నడిచి వచ్చి సైనిక వాహనాల ముందు నిలబడతారు. ఒక ముసలాయన వాహనం ముక్కు మీద చెయ్యి వేసి, బెదిరిన ఎద్దును నిమిరినట్టు నిమురుతూ, అది ముందుకు వస్తుంటే తను వెనక్కి వెనక్కి నడుస్తాడు. తర్వాత ఆ చోటు ఖాళీ అయిపోతుంది. ఎందుకో సినిమా చెప్పదు. అక్కణ్ణుంచి కెమెరా వంటిళ్లలోకి వెళ్తుంది.

ఒక వంటింట్లో ఒకామె బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. బడిలో వంట చేసే మనిషి. ఆమె ముఖం తెరమీదికి రాగానే కీ ఆంటీ కుర్చీలో నిటారుగా కూర్చుంది. "నా చెల్లెలు" అని నా చెవిలో చెప్పింది.

కొత్త అధికారాన్ని ఒప్పుకుంటున్నామని బడిలో పనిచేసేవాళ్లందరి చేతా కాగితాల మీద సంతకాలు పెట్టిస్తున్నారట. ఆమె దగ్గరికి వస్తే, కళ్లద్దాలు పగిలాయి, చదవకుండా ఎలా పెట్టను అందట. మళ్లీ వస్తే, కొత్తవి చేయించుకుందామంటే కొట్టు మూసేసి ఉంది, మూయించింది మీరే కదా అందట. మూడోసారి ఆ అధికారి ఎవరివో కళ్లద్దాలు వెంట తెచ్చాడు. ఆమె పెట్టుకుని, కాగితాన్ని దూరంగా దగ్గరగా జరిపి చూసి, "అయ్యో, ఇవి దూరపు చూపువి. నాకు కావలసింది దగ్గరివి" అందట. ఇదంతా చెప్తూ కళ్లద్దాలు లేకుండానే దుంప చెక్కును ఉల్లిపొరంత పల్చగా తీస్తోంది. హాలంతా నవ్వింది. గుంటూరు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక రిటైర్డ్ గుమాస్తాగారైతే, "మా మునిసిపాలిటీకి తగ్గ మనిషి!" అని తొడ చరిచారు.

నవ్వులు ఆగేలోపు ఆమె కుట్టుపెట్టె తెరిచింది. నీలం దారం ఒక పోగు, పసుపు దారం ఒక పోగు కలిపి తెంపి జేబులో వేసుకుంది. అవి వాళ్ల జెండా రంగులు. బజారుకు వెళ్లి వచ్చే దారిలో వాటిని ఒక్కొక్క చోట కడుతుంది. బస్టాపు స్తంభానికి, నీళ్ల పంపు పిడికి, ఆ సంతకాల ఆఫీసు గేటుకు కూడా. సైనికులు కత్తిరిస్తారు. ఆమె మళ్లీ కడుతుంది. "వాళ్లకి కత్తిరించే ఓపిక ఎంతుందో నాకు కట్టే ఓపిక అంతుంది" అంటుంది.

నాకు వెంటనే బైబిల్లోని యెరికో పట్టణపు స్త్రీ గుర్తుకొచ్చింది. రాజభటులు వెతుకుతున్న వేగులవాళ్లను మిద్దె మీద జనుపకట్టెల్లో దాచి, తన కిటికీకి తొగరు దారం కట్టుకున్న స్త్రీ. చిన్నప్పుడు సండే స్కూల్లో ఫ్లానెల్ గుడ్డ అంటించిన బోర్డు మీద ఎర్ర ఉన్నిపోగు అతికించి మా నాన్న ఆ కథ చెప్పేవాడు. తర్వాత నేనూ ఎంతోమంది పిల్లలకు చెప్పాను. ఆ పోగు అంత దగ్గరగా కనబడటం అదే మొదలు. ఆ రోజు నా గుండె నిండిపోయింది. ఆ నిండిన గుండెతోనే తప్పు చేశాను.

మాలో గొలుసు ప్రార్థన అనే అలవాటుంది. ఇరవై నాలుగు గంటలను ఇళ్లవారీగా పంచుకుంటాం. ఒక ఇంటివాళ్లు గంటసేపు ప్రార్థన చేసి, తర్వాతి ఇంటికి ఫోన్ చేసి అప్పజెప్తారు. దేనికోసం ప్రార్థించాలో వాట్సాప్ గ్రూపులో రాసి పెడతాం. మనవి రాసేటప్పుడు పేరు, ఊరు, విషయం మూడూ ఉండాలని మాకు చిన్నప్పటినుంచీ నేర్పారు. చిరునామా లేని ఉత్తరంలా అడగకూడదంటారు. సోమవారం ఆఫీసులో లంచ్ టైములో నేను ఆ మూడూ రాశాను. సినిమాలో విన్న ఆమె పేరు. ఆమె ఊరు. బడిలో వంట చేస్తుందని, సంతకం పెట్టలేదని, దారాలు కడుతుందని. సినిమా ఫొటో ఒక్కటీ పెట్టలేదు. నియమం పాటించాననే అనుకున్నాను.

సాయంత్రానికల్లా మా వదిన దాన్ని టెక్సాస్‌లో, ఇర్వింగ్‌లోని వాళ్ల గ్రూపుకు పంపింది. అక్కణ్ణుంచి కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌కు, గుంటూరుకు, కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసే అక్కచెల్లెళ్ల గ్రూపుకు వెళ్లింది. ఆమెన్, ఆమెన్ అని వరసగా వస్తూనే ఉన్నాయి. నా మనవికి అన్ని ఆమెన్‌లు ఎన్నడూ రాలేదు. దాచడమెందుకు, సంతోషపడ్డాను.

బుధవారం ఉపవాస ప్రార్థనకు హాలు సర్దడానికి కాస్త ముందుగా వెళ్లాను. కీ ఆంటీ వంటగదిలో గిన్నెలు తుడుస్తోంది. ఆవిడకు కానుక ఇస్తున్నట్టు నా ఫోన్ చేతికిచ్చి, "మీ చెల్లెలి కోసం ఎన్ని ఊళ్లల్లో మోకరిస్తున్నారో చూడండి" అన్నాను.

ఆవిడకు మన లిపి రాదు కదా. ముగ్ధురాలై ఆ గుండ్రటి అక్షరాలను చూసింది. "ఏం రాశావు? చదువు."

వేలు పెట్టి ఒక్కో మాటా ఇంగ్లీషులో చెప్పసాగాను. పేరు దగ్గరికి రాగానే ఆవిడ అరచెయ్యి వచ్చి తెరను కప్పేసింది.

"పేరు రాశావా?"

"రాశాను."

"ఊరు?"

"రాశాను."

"దారం సంగతి కూడానా?"

అవునని తల ఊపాను. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. గట్టిగా మాట్లాడలేదు. ఆ సినిమాలో ఉన్నవాళ్లలో చాలామంది బయటపడ్డారట. చెల్లెలు రానందట. ఇప్పటికీ అదే ఊళ్లో, అదే వంటింట్లో ఉంది. విడుదలకు ముందు ఆమె ముఖం, గొంతు అన్నీ మార్చేస్తారట. అక్కచెల్లెళ్లు ఫోన్లో కూడా ఒకరినొకరు పేరుతో పిలుచుకోరట. ప్రతి శనివారం చెల్లెలి దగ్గరనుంచి ఒక ఫొటో వస్తుంది, ఆ రోజు ఏం వండిందో ఆ పళ్లెం ఫొటో. ఒక్క మాటా ఉండదు. పళ్లెం వచ్చిందంటే మనిషి ఉన్నట్టు.

"మీకు చూపించవద్దంది ఆ అమ్మాయి" అంది కీ ఆంటీ. "నేను పూచీ పడ్డాను. చెప్పులు విప్పి లోపలికి వచ్చే మనుషులు, వీళ్లని నమ్మవచ్చు అన్నాను."

నేను క్షమాపణ అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "క్షమాపణ తర్వాత. ముందు అది తీసెయ్."

మా గ్రూపులో పెట్టింది అక్కడే తీసేశాను. ఉపవాస ప్రార్థనకు కూర్చోలేదు. ఇంటికి వెళ్లి, ఎవరెవరికి వెళ్లిందో కాగితం మీద రాసుకున్నాను. మా ఆయన ఆ కాగితం చూసి విషయం తెలుసుకుని, "ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నావ్. బయటికి వదిలేముందు ఒక్కసారి అడగాలని తెలీదూ?" అన్నాడు. నేను ఏడ్చేశాను. తన ఫోన్ తీసి, "కువైట్ వాళ్లని నేను చూసుకుంటా, నువ్వు ఇర్వింగ్ చెయ్" అన్నాడు.

ఇర్వింగ్‌లో ఒక బ్రదర్ నా మనవిని ఇంగ్లీషులోకి మార్చి, రెండు రంగుల దారం బొమ్మ వేసి, పోస్టర్ చేసి అందరూ చూసే పేజీలో పెట్టారు.

"ప్రైజ్ ద లార్డ్ సిస్టర్! పోస్టర్ చూసిన్రా? ఒక్కటే షేరింగ్!" అన్నారు ఫోన్ ఎత్తగానే.

"చూశాను బ్రదర్. అది తీసేయాలి. ఇప్పుడే."

"అదేంది? దేవుని పని ఆపమంటరా? శత్రువుకి భయపడేటోళ్లమా మనం?"

"మన దగ్గరికి ఎవరొస్తారు బ్రదర్? మీరు ఇర్వింగ్‌లో ఉన్నారు, నేను ట్రాయ్‌లో ఉన్నాను. మన ధైర్యానికేం, ఎంతైనా ఉంటుంది. వాళ్లు తలుపు తట్టేది ఆమె ఇంటికి."

"లైన్‌లనే ఉండండి" అన్నారు. కీబోర్డు టకటకలు వినిపించాయి. "తీసిన. ఇంక ఎవరెవరు పెట్టుకున్నరో నాకు తెలుసు, నేనే చేస్త ఫోన్లు. మీరు మిగతాది చూసుకోండి సిస్టర్." ఆయన మాట నిలబెట్టుకున్నారు. రెండు రోజులు సెలవు పెట్టి మరీ ఒక్కొక్క పేజీ వెతికి తీయించారు.

గుంటూరులో మా పిన్ని దగ్గర వేరే కష్టం. "డిలీట్ అంటే ఎక్కడ నొక్కాలే తల్లీ? చెత్తబుట్ట బొమ్మా? నొక్కితే మీ బాబాయి ఫొటోలు కూడా పోతాయేమో!"

"పోవు పిన్నీ. ఆ మెసేజ్ మీద వేలు పెట్టి ఉంచు."

"పెట్టా. ఆఁ, పోయింది. మరి నా ప్రార్థన పుస్తకంలో రాసుకున్నానే, అదీ కొట్టెయ్యనా?"

"అదుండనీ. పుస్తకం మూసి పెట్టుకో."

సినిమా తీసిన అమ్మాయికి నేనే ఫోన్ చేసి చెప్పాను. ఎక్కడెక్కడికి వెళ్లిందో చదవమంది. చదివాను. "సరే, ఆమెకి తెలియజేస్తాం" అని పెట్టేసింది. ఎలా తెలియజేస్తారో నేను అడగలేదు. అడగకూడదని అప్పటికి నేర్చుకున్నాను.

శనివారం పళ్లెం ఫొటో రాలేదు.

ఆదివారం హాలుకు వెళ్లగానే కీ ఆంటీ ఆ సంగతి రెండు మాటల్లో చెప్పి వంటగదిలోకి వెళ్లిపోయింది. ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. మా సాక్ష్యాలన్నీ గెలుపు సాక్ష్యాలే. వీసా వచ్చింది, ఇల్లు కుదిరింది, ఆపరేషన్ బాగా జరిగింది, దేవునికి స్తోత్రం. తప్పును సాక్ష్యంగా చెప్పగా నేను వినలేదు. లేచి నిలబడి, అనువదించకుండా వదిలేసిన ఆ ఒక్క మాట దగ్గరనుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. రాని ఫొటో గురించీ చెప్పాను. చివర్న స్తోత్రం అనడానికి నోరు రాలేదు. కూర్చున్నాను.

పార్కింగ్ లాట్‌లో వీసాల గురించి భయపడిన పెద్దన్న లేచాడు. ఏమంటాడోనని తల దించుకున్నాను. "సిస్టర్ ఒక్కతే కాదు. నేను మా తమ్ముడికి పంపిన. పంపేముందు నేనూ అడగలె" అని కూర్చున్నాడు. ఆ తర్వాత ఇంకో ఇద్దరు లేచి అదే చెప్పారు.

పాస్టరుగారు ముందుకు వచ్చారు. "పేరు లేకుండా ప్రార్థిద్దాం" అన్నారు. "ఆయనకు తెలుసు. గొంతెత్తక్కర్లేదు."

గొంతెత్తకుండా ప్రార్థించడం మాకు రాదు. మొదట్లో చీర కొంగుల చప్పుడు, దగ్గులు. తర్వాత అవీ ఆగిపోయాయి. ఎంతసేపయిందో తెలియదు. వెనక తాళాల చప్పుడైతే తల తిప్పాను. పైన ఏ అలికిడీ లేకపోవడంతో మేము వెళ్లిపోయామనుకుని, తాళం వేయడానికి కీ ఆంటీ పైకి వచ్చింది. హాలునిండా మోకరించిన మనుషులను చూసి గుమ్మంలోనే ఆగింది. కాసేపు నిలబడి, తాళాల గుత్తి గలగల్లాడకుండా పిడికిట్లో పట్టుకుని, మెల్లగా కిందికి దిగిపోయింది. ఆ రోజు బయటికి వచ్చేసరికి బూట్లు మేము విప్పిన చోటే గుట్టగా ఉన్నాయి. ఎవరి జత వాళ్లం వెతుక్కున్నాం.

మంగళవారం మధ్యాహ్నం ఆవిడ ఫోన్ చేసింది. "పని అయ్యాక రా" అంది, అంతే. గొంతును బట్టి ఏమీ తెలియలేదు. నేను పని అయ్యేదాకా ఆగలేదు.

వంటగదిలో బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఫోన్ నా చేతికివ్వలేదు. తన చేతిలోనే ఉంచుకుని నావైపు తిప్పింది. పువ్వుల అంచున్న పళ్లెం, అందులో వేయించిన బంగాళాదుంపలు, పైన కాస్త సోయికూర తరుగు. పళ్లెం పక్కన, చెంచా ఉండవలసిన చోట, మడిచి పెట్టిన కళ్లద్దాలు.

కీ ఆంటీ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. తర్వాత ఏడ్చింది కూడా.

ఫొటో మూడు రోజులు ఎందుకు ఆలస్యమైందో మాకెవరికీ తెలియదు. నా రాత వల్ల అయి ఉండవచ్చు, కరెంటు లేక అయి ఉండవచ్చు. తెలియకపోవడాన్ని నేను మోయాలి, మోస్తున్నాను. తర్వాతి శనివారం ఫొటో సమయానికే వచ్చిందని విన్నాను.

ఇదంతా జరిగి రెండేళ్లవుతోంది. సినిమా పూర్తయింది. మా హాల్లోనే మళ్లీ చూశాం. ఇప్పుడు అందులో ఆమె ముఖం లేదు. గొంతు వేరెవరిదో. చేతులు మాత్రం ఉన్నాయి. ఈసారి కూడా అందరి ముందూ అనువదించింది నేనే. అప్పుడు వదిలేసిన చివరి మాటే ముందు చెప్పాను. గొలుసు ప్రార్థన కాగితం మీద ఆమె గంట ఇంకా ఉంది. "ఒక సహోదరి" అని ఉంటుంది. ఆ గంట నాది. లంచ్ టైములో ఆఫీసు పార్కింగ్ లాట్‌లో, కారు అద్దాలు ఎత్తుకుని, అక్కడ మాత్రం పేరు పెట్టి పిలిచి ఆమె కోసం అడుగుతాను. గది తలుపు వేసుకుని ప్రార్థన చేయమన్న వాక్యం చిన్నప్పుడే కంఠత పట్టాను. దాని అర్థం నలభై ఆరేళ్లకు తెలిసింది.

ఇది రాశాక, అచ్చుకు ఇచ్చేముందు, కీ ఆంటీ దగ్గరికి తీసుకెళ్లాను. పక్కన కూర్చుని మొదటినుంచి చివరిదాకా ఇంగ్లీషులో చదివి వినిపించాను. ఆవిడ బఠాణీలు ఒలుస్తూ విన్నది. చెల్లెలి గురించి రాసిన వాటిలో రెండు సంగతులు మార్చమంది. మార్చాను. ఏ రెండో మా ఆయనకు కూడా చెప్పలేదు.